గురుకులంలో మన పిల్లలెందరు? నిలిచిన టీచర్లెందరు?

(వైట్‌ఫీల్డ్‌లో జరిగిన మన సమాఖ్య వార్షికోత్సవ సభలో విద్యా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ధర్మవరం, ముదిరెడ్డిపల్లి, సోమందేపల్లి, ప్రొద్దుటూరు, మంగళగిరి, చీరాల, పోచంపల్లి, గద్వాల, సిరిసిల్ల... ఈ హాల్లో ఉన్నవాళ్ల సొంతూళ్ల పేర్లు వరుసగా చెబితే చేనేత పటం మొత్తం తయారవుతుంది. పద్మశాలి, దేవాంగ, తొగట, కుర్ని, పట్టుశాలి, జాండ్ర అని ఎవరి పేరు వాళ్లకున్నా మగ్గం దగ్గరికొచ్చేసరికి అందరం ఒకటే. వైట్‌ఫీల్డ్‌కు వచ్చాక కొందరం ఐటీపీఎల్‌లో కంప్యూటర్ల ముందు కూర్చున్నాం. కొందరం కాడుగోడి, హూడి, వర్తూరు వైపు దుకాణాల్లో, గార్మెంట్లలో, అపార్టుమెంట్లలో పనులు చేసుకుంటున్నాం. ఏ పనిలో ఉన్నా, ఊళ్లో మగ్గం మీద కూర్చున్న అన్నో, తమ్ముడో, మేనమామో ఇంకా మనకున్నారు.

ఏటా ఈ సభలో పదో తరగతిలో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు శాలువా కప్పి మెమెంటో ఇస్తాం. ఈసారీ ఇస్తాం. అంతకంటే ముందు ఆ మార్కుల వెనకున్న బడి గురించి రెండు మాటలు చెప్పుకుందామనుకున్నాం. అందులోనూ సర్కారు నడిపే గురుకులాల గురించి.

ఎందుకంటే వేసవి వచ్చిందంటే మా విద్యా విభాగానికి ఒకటే రకం ఫోన్లు. "ఊళ్లో తమ్ముడి కూతురికి గురుకులంలో సీటొచ్చిందన్నా, పంపమంటారా వద్దంటారా?" అని అడుగుతారు. పంపేముందు వాళ్లు కనుక్కునేవి కూడా ఒకటే. బిల్డింగు ఎలా ఉంది? భోజనం బాగుంటుందా? ఇంగ్లీషు మీడియమేనా? అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. వీటికి మేం ఇంకో రెండు కలుపుతున్నాం. ఆ బడిలో చదివే పిల్లలు ఎవరు? చదువు చెప్పేవాళ్లు ఎవరు, వాళ్లు ఎన్నాళ్లుంటారు? పిల్లల జాబితా ఒకటి, సిబ్బంది జాబితా ఒకటి. ఈ రెండూ చదవడం వస్తే బడి సంగతి చాలావరకు తెలిసిపోతుంది. ఈరోజు మేం చెప్పదలచుకున్నది ఇంతే.

మొదటి మూడు గురుకులాలు మన ఊళ్ల పక్కనే

ముందు కొంచెం చరిత్ర. 1971 నవంబరులో, పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల మొదలైంది. ఆ వెంటనే కోస్తాకు గుంటూరు జిల్లా తాడికొండలో, రాయలసీమకు అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో ఒక్కొక్కటి పెట్టారు. పల్లెటూరి పేద పిల్లల్లో చదువు మీద ఆశ ఉన్నవాళ్లను పరీక్ష పెట్టి ఎంచుకుని, తిండి, బట్ట, పుస్తకం, పడక అన్నీ అక్కడే ఇచ్చి చదివించడం దాని పద్ధతి. మామూలు సర్కారు బడికి అది వేరే దారి. ఫీజు కట్టలేని ఇంటి బిడ్డకు, ఫీజు కట్టే ఇంటి బిడ్డకు దొరికే చదువును సర్కారు ఖర్చుతోనే ఇచ్చి చూద్దామన్న ప్రయత్నం.

ఈ మూడు ఊళ్లూ ఎక్కడున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. సర్వేల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపూర్ మండలంలో ఉంది. తేలియా రుమాళ్లు నేసే మన పుట్టపాక కూడా అదే మండలం. తాడికొండకు దగ్గర్లోనే మంగళగిరి. కొడిగెనహళ్లి హిందూపురం పక్కన, అంటే ముదిరెడ్డిపల్లి పట్టు మగ్గాల చప్పుడుకు ఎంతో దూరం కాదు. వైట్‌ఫీల్డ్ నుంచి పొద్దున్నే బయల్దేరితే భోజనాల వేళకు ముందే చేరుకోవచ్చు. మన కోసమని అక్కడ పెట్టారని అనం. కానీ యాభై ఏళ్లకు పైగా ఆ బళ్లు మన గడప పక్కనే ఉన్నాయి. ఆ గడప దాటి లోపలికి వెళ్లినవాళ్ల ఇళ్లలో రెండో తరానికే బతుకు మారిపోయింది.

ఆ తర్వాత 1980లలో ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారుల చొరవతో దళిత, గిరిజన పిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకులాలు బలపడ్డాయి. 2014 మేలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ అలాంటి బడి పిల్లే. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. మధ్యలో బడి మానేసిన ఆడపిల్లల కోసం 2004లో కేంద్రం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలుపెట్టింది. మనం కేజీబీవీ అంటున్నవి అవే.

మొదటి జాబితా: పిల్లలు

మన బీసీ పిల్లల వరకు పెద్ద మార్పు వచ్చింది ఈమధ్యే. తెలంగాణ ఏర్పడేనాటికి బీసీ గురుకులాలు రెండు డజన్లకు మించి లేవు. 2017లో నియోజకవర్గానికి ఒకటి చొప్పున 119 కొత్త బళ్లు తెరిచారు. 2019లో మరో 119 వచ్చాయి. ఇవన్నీ మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు మీద నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా అదే పేరుతో వందకు పైగా బీసీ గురుకులాలున్నాయి. బాలికలకు విడిగా, బాలురకు విడిగా.

లెక్క ఎలా ఉంటుందో తెలంగాణ బడి ఒకటి తీసుకుని చూద్దాం. ఐదో తరగతిలో రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది. ఐదు నుంచి పది దాకా అయితే 480 మంది. ఇంటర్ కూడా ఉంటే మొత్తం 640 మంది. ఒక్క ప్రాంగణంలో 640 మంది పిల్లలు పొద్దున్నే లేచి, స్నానాలు చేసి, తిని, చదివి, ఆడి, నిద్రపోవాలి. ఈ అంకె గుర్తుంచుకోండి, సిబ్బంది దగ్గరికొచ్చినప్పుడు మళ్లీ అవసరం పడుతుంది.

ఈ సీట్లలో ఎక్కువ భాగం బీసీలవి. ఏ, బీ, సీ, డీ, ఈ అని వర్గాలవారీగా వాటాలుంటాయి. మిగతావి ఎస్సీ, ఎస్టీ, ఈబీసీ, అనాథ పిల్లలకు. మన చేనేత కులాలు దాదాపు అన్నీ బీసీ–బీలోకి వస్తాయి. తెలంగాణలో కుటుంబ ఆదాయం పల్లెల్లో 1,50,000, పట్టణాల్లో 2,00,000 రూపాయలు దాటకూడదని షరతు ఉంది. అంటే ఈ బడికి వచ్చే పిల్లల ఇళ్లు ఎలాంటివో ఆ షరతే చెబుతుంది. నేతగాడి కొడుకు పక్క మంచం మీద కల్లుగీత ఇంటి బిడ్డ, ఇటు గొర్రెల కాపరి బిడ్డ, అటు కూలికి పోయే తల్లి కూతురు. "అన్ని రకాల పిల్లలు కలిసి ఉంటారంట కదా" అని మనవాళ్లే కొందరు సణుగుతుంటారు. అలా కలిసి ఉండటమే ఆ బడి గొప్ప. పదకొండేళ్లప్పుడు పక్కపక్కన పళ్లెం పెట్టుకుని తిన్నవాళ్లకు, పాతికేళ్లప్పుడు ఆఫీసులో ఎవరి పక్కన కూర్చోవాలన్న బెరుకు ఉండదు.

జాబితాలో కులం, ఆదాయం కనిపిస్తాయి. కనిపించని సంగతి ఇంకొకటుంది. ఈ పిల్లల్లో చాలామంది ఇంట్లో మొదటిసారి హైస్కూలు మెట్లు ఎక్కుతున్నవాళ్లు. 2019–20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన చూస్తే ఇది అర్థమవుతుంది. దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల మీద ఉన్నవాళ్లు సుమారు 35 లక్షలు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపు. నాలుగో వంతుకు దగ్గరగా బడి ముఖమే చూడనివాళ్లు. ఆ ఇంటి బిడ్డ "అమ్మా, ఈ లెక్క అర్థం కాలేదు" అంటే అమ్మ ఏం చెబుతుంది? టీచరుకు ఫోను చేసి "మా పాప ఇంగ్లీషులో వెనకబడింది, కాస్త చూడండి మేడం" అనడానికే ఆమెకు ధైర్యం చాలదు. ఈ పిల్లలకు టీచరే బడి, టీచరే ట్యూషను.

మగ్గం ఇంటి పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, మనందరికీ తెలిసిందే. పెద్ద అంచు పట్టుచీరకు అంచు పక్క నాడె వేయడానికి ఇంకో చేయి కావాలి. ఆ చేయి చాలా ఇళ్లలో బడికి పోవాల్సిన పిల్లాడిదే అయ్యేది. కండెలు చుట్టడం ఆడపిల్ల పని. మాఘం, శ్రావణం పెళ్లిళ్ల ఆర్డర్లు వచ్చినప్పుడు "ఒక్క వారం మానేయరా" అంటాం. ఆ వారం మూడు వారాలవుతుంది. అందుకే మన పిల్లలకు రోజూ ఇంటికొచ్చే బడికంటే గురుకులం ఎక్కువ మేలు చేసింది. అక్కడుంటే మగ్గం పిలవదు.

లక్ష్మీ ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి కథ మీకు తెలుసు. ఆరో తరగతితో బడి మానేసి, తల్లి ఆసు పోస్తూ భుజం నొప్పితో పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి ఆ యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని చూసి మనం గర్వపడతాం, పడాలి కూడా. కానీ అంత బుర్ర ఉన్న పిల్లాడికి ఆరో తరగతి తర్వాత ఆలేరు పక్కనే హాస్టలుతో కూడిన బడి, అందులో ఒక మంచి సైన్సు టీచరు దొరికుంటే ఎలా ఉండేదో కూడా ఆలోచించాలి. మల్లేశం గారు నిలబడ్డారు. అదే వయసులో బడి మానేసిన మిగతా పిల్లల పేర్లు మనకు తెలియవు.

రెండో జాబితా: టీచర్లు

ఇక అసలు విషయం. ఇందాక 640 మంది అన్నాం కదా. వీళ్లకు ఎంతమంది టీచర్లు కావాలి?

2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలంటుంది. లెక్కలు–సైన్సుకు, సాంఘిక శాస్త్రానికి, భాషలకు తలా ఒకరైనా తప్పనిసరి. పిల్లలు 100 దాటితే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట కూడా ఆ చట్టంలో ఉంది. ప్రభుత్వ బడిలో ఖాళీలు మంజూరైన పోస్టుల్లో పదో వంతు దాటకూడదు. ఇది 26వ సెక్షన్. మనవాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

పై లెక్క ప్రకారం 480ని 35తో భాగిస్తే 14 మంది టీచర్లు సరిపోతారనిపిస్తుంది. కానీ అది సాయంత్రం గంట కొట్టి పిల్లల్ని ఇళ్లకు పంపేసే బడి లెక్క. గురుకులంలో గంట కొట్టాక రెండో బడి మొదలవుతుంది. ఆటలు చూసేదెవరు? రాత్రి చదువు గంటలో పక్కన కూర్చునేదెవరు? అర్ధరాత్రి జ్వరం వస్తే నర్సును లేపేదెవరు? అమ్మ గుర్తొచ్చి దుప్పటి కింద ఏడ్చే ఐదో తరగతి పిల్లను దగ్గరికి తీసుకునేదెవరు? ఆ పనులన్నీ ఆ టీచర్లకే. పగలు ఆరు పీరియడ్లు చెప్పి, రాత్రి డ్యూటీ చేసి, మళ్లీ పొద్దున్నే పిల్లల్ని లేపాలి. కాబట్టి గురుకులంలో ఒక పోస్టు ఖాళీగా ఉంటే పగటి పాఠమూ పోతుంది, రాత్రి కాపలాలోనూ ఒక మనిషి తగ్గుతారు.

నిష్పత్తి చూసి కూడా మోసపోకండి. మొత్తం మీద 30 మందికి ఒక టీచరు ఉన్నారని బోర్డు మీద రాసి ఉండొచ్చు. అందులో తెలుగుకు ఇద్దరుండి లెక్కలకు ఎవరూ లేకపోతే? సగటు బాగానే ఉంటుంది, పదో తరగతిలో 80 మంది లెక్కలు పోతాయి. పడుగులో ఒక పోగు తప్పితే ఆ గీత చీర పొడుగూతా కనిపిస్తుందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడిలో కూడా సబ్జెక్టు సబ్జెక్టుకూ విడిగా అడగాలి.

ఆ తర్వాత చూడాల్సింది టీచరు కొలువు ఏ రకమైనదని. రెగ్యులర్ టీచరు అంటే ప్రభుత్వ నియామకం, బదిలీ అయ్యేదాకా ఉంటారు. కాంట్రాక్టు అయితే ఏడాదికోసారి కొనసాగింపు ఉత్తర్వు రావాలి. ఔట్‌సోర్సింగ్ అంటే మధ్యలో ఒక ఏజెన్సీ ఉంటుంది. గెస్టు, పార్ట్‌టైం వాళ్లకు పీరియడ్ లెక్కనో, నెల లెక్కనో ఇస్తారు, వేసవిలో అది కూడా ఉండదు. కేజీబీవీల్లో అయితే స్పెషల్ ఆఫీసరు నుంచి సీఆర్‌టీల దాకా దాదాపు అందరూ కాంట్రాక్టు వాళ్లే. 2024 డిసెంబరులో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులతో పాటు వీళ్లు కూడా రెగ్యులర్ చేయాలని వారాల తరబడి సమ్మె చేశారు. ఆ రోజుల్లో ఆ బళ్లలో పాఠాలు దెబ్బతిన్నాయి. తప్పు వాళ్లదని మేం అనడం లేదు. ఇరవై ఏళ్ల నాటి పథకంలో పనిచేసే టీచరమ్మ కొలువు ఇంకా ఏడాదికోసారి తేలాల్సి రావడం ఆమెకూ నష్టమే, పిల్లకూ నష్టమే.

కాంట్రాక్టు టీచర్లు బాగా చెప్పరని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. ఎందరో ప్రాణం పెట్టి చెబుతున్నారు. తక్కువ జీతానికి అంత పని చేయడం చూస్తే చేతులెత్తి దండం పెట్టాలి. మా బాధ వేరు. ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లకు, ఆమె సంగతి తెలిసిన ఒక మనిషి మూడు నాలుగేళ్లు ఆ బడిలో నిలబడాలి. ఆరో తరగతిలో భిన్నాల దగ్గర ఎక్కడ తడబడిందో తెలిసిన టీచరు తొమ్మిదో తరగతిలో కూడా ఉంటే, బీజగణితం దగ్గర ఆమెను పట్టుకుంటారు. ఏటా కొత్త టీచరు వస్తే ఏటా ఆ పిల్ల మళ్లీ కొత్తే. ఫీజు కట్టి చదివే పిల్లకు ఆ లోటును ట్యూషను పూడుస్తుంది. మన పిల్లకు పూడ్చేదేమీ లేదు.

నియామకాలు జరగడం లేదని కూడా అనలేం. తెలంగాణలో గురుకులాల కోసమే 2018లో ప్రత్యేక నియామక బోర్డు పెట్టారు. 2023లో ఆ బోర్డు 9,000కు పైగా పోస్టులకు ప్రకటనలిచ్చి పరీక్షలు జరిపింది. 2024లో చాలామంది చేరారు. కానీ ఒకే అభ్యర్థి రెండు మూడు పోస్టులకు ఎంపికై ఒకదాంట్లో చేరితే, మిగతావి ఖాళీగానే మిగిలిపోయాయి. ఆ తర్వాతి ర్యాంకు వాళ్లకు ఇమ్మని అభ్యర్థులు ధర్నాలు చేశారు. పోస్టు మంజూరవడం ఒకటి, భర్తీ అవడం ఒకటి, ఆ మనిషి ఆ బడిలో నిలవడం ఇంకొకటి. మూడూ వేరు వేరని మనం గుర్తుంచుకోవాలి.

మొదటి మూడు గురుకులాలకు అంత పేరు ఎందుకొచ్చిందని ఆ రోజుల్లో చదివిన పెద్దలను అడిగితే, బిల్డింగుల గురించి చెప్పరు. టీచర్ల పేర్లు చెబుతారు. మాస్టారు క్వార్టర్స్‌లోనే ఉండేవారని, రాత్రి లాంతరు పట్టుకుని వచ్చేవారని చెబుతారు. ఇప్పుడు కొత్తగా వచ్చిన బీసీ గురుకులాల్లో చాలావాటికి సొంత భవనమే లేదు, అద్దె భవనాల్లో నడుస్తున్నాయి. పిల్లలకే స్థలం చాలని చోట టీచర్లకు క్వార్టర్స్ ఎక్కడివి? పొద్దున్నే బస్సెక్కి వచ్చి సాయంత్రం బస్సు కోసం చూసుకునే పరిస్థితిలో పాత గురుకులం రావాలంటే ఎలా వస్తుంది? భవనం గురించి అడిగేటప్పుడు, టీచర్లు ఉండే చోటు కూడా అందులో ఉందా అని అడగాలి.

బెంగళూరుకు వచ్చిన కుటుంబాల సంగతి

ఇప్పటిదాకా చెప్పింది ఊళ్లో ఉన్నవాళ్ల గురించి. ఇక్కడికి వలస వచ్చిన మన కుటుంబాల గురించి కూడా చెప్పుకోవాలి. ఈ వైట్‌ఫీల్డ్ కూడా 1882లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చి స్థిరపడటానికి మొదలైన ఊరే. వలస ఇక్కడ కొత్త కాదు. కానీ చదివే పిల్లల్ని వెంటబెట్టుకుని రాష్ట్రం దాటినప్పుడు కొన్ని చిక్కులుంటాయి.

మొదటిది సర్టిఫికెట్. ఆంధ్రలో, తెలంగాణలో మనం బీసీ–బీ. కర్ణాటకలో పద్మశాలి, దేవాంగలు 2ఏ వర్గంలో ఉన్నారు. అక్కడి బీసీ పత్రం ఇక్కడి రిజర్వేషన్‌కు పనికిరాదు.

రెండోది స్థానికత. ఆంధ్రప్రదేశ్ గురుకుల ప్రవేశ పరీక్ష రాయాలంటే అంతకుముందు తరగతులు ఆ జిల్లాలోనే చదివి ఉండాలన్న షరతు ఉంటుంది. మూడో తరగతిలో పిల్లాణ్ణి ఇక్కడికి తెచ్చి, నాలుగైదేళ్లయ్యాక "కొడిగెనహళ్లిలో వేద్దాం" అంటే కుదరదు. ఊరు మారేముందే ఈ లెక్క చూసుకోవాలి.

మూడోది భాష. కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం కన్నడ మొదటి భాషగానో రెండో భాషగానో చదవాలి. ఒకటో తరగతిలో వచ్చిన పిల్లలు ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారు. ఎనిమిదిలో వచ్చిన పిల్లాడికి అదో కొండ. ఆ కొండెక్కలేక తొమ్మిదిలో బడి మానేసి పనిలో కుదిరిన కుర్రాళ్లు మనందరికీ తెలుసు.

ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలకు కర్ణాటక ప్రభుత్వ గురుకులాలున్నాయి. మురార్జీ దేశాయ్, కిత్తూరు రాణి చెన్నమ్మ పేర్లతో నడుస్తున్నాయి. ఐదో తరగతి అయ్యాక ప్రవేశ పరీక్ష, ఆరు నుంచి పది దాకా చదువు, తరగతికి 50 సీట్లు. మనవాళ్లు వీటి గురించి తెలియక దరఖాస్తే పెట్టడం లేదు. పిల్లలు నాలుగో తరగతిలో ఉన్నప్పుడే కుల, ఆదాయ పత్రాల కోసం తిరగడం మొదలుపెట్టండి.

మధ్యలో మానేసినవాళ్లకు కూడా తలుపు మూసుకోలేదు. జాతీయ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్ ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరొచ్చు. ఐదేళ్ల లోపల తొమ్మిది అవకాశాల్లో ఒక్కో సబ్జెక్టు పూర్తి చేసుకోవచ్చు. తెలుగులో రాయొచ్చు. ఆంధ్రకు, తెలంగాణకు వాళ్ల ఓపెన్ స్కూళ్లూ ఉన్నాయి. కానీ ఓపెన్ స్కూలుకు రోజూ పాఠం చెప్పే టీచరు ఉండరు, సెలవు రోజుల్లో కొన్ని తరగతులే. కాబట్టి అది రెండో దారి మాత్రమే. మొదటి దారి ఉన్నప్పుడు పిల్లాణ్ణి ఇటు మళ్లించొద్దు.

మనం చేయగలిగినవి

మాటలు చెప్పి దిగిపోతే లాభం లేదు. ఈ సంవత్సరం సమాఖ్య పనిగా నాలుగు సంగతులు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి. సీటు వచ్చిన బడికి పిల్లను పంపేముందు దాని యూడైస్ నంబరు కనుక్కోండి. దేశంలో గుర్తింపు ఉన్న ప్రతి బడికీ 11 అంకెల నంబరుంటుంది. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ సైటులో ఆ నంబరు కొడితే బడి రిపోర్టు కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది అమ్మాయిలు, అబ్బాయిలు, టీచర్లలో రెగ్యులర్ ఎందరు, కాంట్రాక్టు ఎందరు అన్నీ అందులో ఉంటాయి. ఇక్కడ కూర్చున్న సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అది ఐదు నిమిషాల పని. ఊళ్లో అక్కకు అది చేతకాదు. ఆమె తరఫున మీరు చూసి, తెలుగులో నాలుగు వాక్యాల్లో ఫోనులో చెప్పండి.

రెండు. రిపోర్టు కార్డు పాతదై ఉండొచ్చు. అందుకే తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వెళ్లే రోజు ఊరికే అరిసెలు, జంతికలు ఇచ్చి వచ్చేయకండి. లెక్కలకు ఎవరు, సైన్సుకు ఎవరు, ఇంగ్లీషుకు ఎవరు, ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, నర్సు ఉన్నారా, రాత్రి డ్యూటీ ఎవరిది అని మర్యాదగా అడగండి. ప్రిన్సిపల్‌తో తగవు పడొద్దు. ఖాళీ గురించి ఆయన కూడా పైకి రాసి రాసి అలసిపోయి ఉంటారు. వాళ్లు రాసే ఉత్తరం పక్కన తల్లిదండ్రుల అర్జీ కూడా చేరితే దానికి బరువు వస్తుంది. అవసరమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ అర్జీ రాసిపెట్టే పని మా విభాగం చూసుకుంటుంది.

మూడు. శని, ఆదివారాల్లో వీడియోలో పాఠాలు చెబుతామని మనలో చాలామంది యువత ముందుకొచ్చారు. సంతోషం. లెక్కలు, ఇంగ్లీషు, కంప్యూటరు చెప్పండి. పెద్దయ్యాక ఏం చదవొచ్చో చెప్పండి. కానీ ఒక షరతు. "వైట్‌ఫీల్డ్ వాళ్లు చెబుతున్నారు కదా" అని ఆ బడిలో ఖాళీ పోస్టు మర్చిపోయే పరిస్థితి రాకూడదు. మనం చేసేది సాయం. టీచరును ఇవ్వడం సర్కారు బాధ్యత. పాఠాలు చెప్పే ప్రతి బడి విషయంలో, పోస్టు నింపమని అర్జీ కూడా మన నుంచే పోవాలి.

నాలుగు. ఇది మాకు అన్నింటికంటే ముఖ్యం. మన ఇళ్లలో చదువుకున్న పిల్లలకు ఇంజినీరింగు, లేకపోతే ఎంసీఏ. బీఈడీ అంటే మొహం చిట్లిస్తాం. మన ఆడపిల్లలు గురుకుల టీచర్లు కావాలి. బాలికల గురుకులాల్లో ఎక్కువగా మహిళా టీచర్లే ఉంటారు, ఆ పోస్టులు పడినప్పుడు మన పిల్లలు సిద్ధంగా ఉండాలి. బీఈడీ, టెట్ పూర్తి చేసుకుని పరీక్షకు చదివే అమ్మాయికి పుస్తకాలకు, కోచింగుకు, హాస్టలుకు అయ్యే ఖర్చును మెమెంటోలకు పెట్టే డబ్బులోంచి కొంత మళ్లిస్తే చాలు. మగ్గం ఇంట్లో పుట్టిన టీచరమ్మకు, శ్రావణంలో పిల్ల ఎందుకు రాలేదో చెప్పాల్సిన పని ఉండదు. ఆమే ఫోను చేసి "పెద్దమ్మా, ఆర్డరు సంగతి మీరు చూసుకోండి, పిల్లను మాత్రం పంపండి" అంటుంది. ఆ మాట మన మాటలా ఉంటుంది కాబట్టి తల్లి వింటుంది.

పిల్లల జాబితాలో మన పేర్లు చేరడానికి రెండు తరాలు పట్టింది. సిబ్బంది జాబితాలో కూడా మన పేర్లు చేరాలి, ఆ జాబితాలో ఖాళీ గడులు తగ్గాలి. బీసీ బళ్లు పెట్టమని అడిగినప్పుడు మన పెద్దలు రోడ్డెక్కారు. పెట్టిన బడిలో టీచరున్నారా లేదా అని చూసుకోవడానికి రోడ్డెక్కనక్కర్లేదు, ఫోను చేతిలో ఉంటే చాలు. ఊళ్లో మీవాళ్ల పిల్ల చదివే బడి పేరు, లెక్కల టీచరు ఉన్నారా లేదా, ఈ రెండు సంగతులు ఈ వారంలోనే కనుక్కుని మా విభాగానికి పంపండి. ఎక్కడ ఎవరు లేరో తెలిశాక, ఏ బడి గురించి ముందు అడగాలో వచ్చే సమావేశంలో కూర్చుని తేల్చుకుందాం.

 ఇక పిల్లల్ని వేదిక మీదకు పిలుద్దాం, శాలువాలు ఎదురుచూస్తున్నాయి.

జై చేనేత!